రిసెప్షన్ వెనక జాలీ

జనవరి 21, మంగళవారం

వదిన ఆఫీసులో గోడలకు రంగు వేశారు. రిసెప్షన్ వెనక నా చెక్క జాలీని రంగులాయన ఊడదీసి నేలమీద పడుకోబెట్టాడు. మనిషికంటే రెండడుగులు ఎత్తు జాలీ అది, మనీప్లాంట్ దాన్ని పూర్తిగా కప్పేసింది. ఆఫీసుల్లో మొక్కలు చూసే పని నాది, దీన్ని మూడేళ్ళు పెంచాను. పది తీగలు విరిగాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఓపిగ్గా విని, పాత బ్రాకెట్లు తుప్పు పట్టాయమ్మా, కొత్తవి తెచ్చి బిగిస్తాను, అందాకా దీన్ని నిలబెట్టకండి అన్నాడు.

నిలబెట్టాను. పడుకోబెడితే మిగతా తీగలు కూడా పోతాయని. పైన జనపనార తాడుతో కిటికీ గ్రిల్‌కు రెండుచోట్ల కట్టాను. నా బ్యాగులో ఎప్పుడూ ఉండే తాడు అదొక్కటే. వదిన కుర్చీ సరిగ్గా దాని ముందు.

ఫిబ్రవరి 4

రంగులాయనకు పై అంతస్తుల్లో పనట, ఇంకా రాలేదు. మొక్కల చెక్ షీటులో ఫ్రేమ్ గట్టిగా ఉందా అన్నచోట టిక్ పెట్టాను. నిజం చెప్పాలంటే బస్సులోనే పెట్టాను. సీటు దొరికిందంటే ఆరు ఆఫీసుల షీట్లూ అక్కడే అయిపోతాయి. మేమందరం అంతే. మా కంపెనీ సూపర్‌వైజర్‌కు తెలుసు, తెలియనట్టు ఉంటాడు.

ఫిబ్రవరి 18

ఆకులు తుడిచాను. నీళ్ళు స్ప్రే చేశాను. కొత్త ఆకులు అరచెయ్యంత ఉన్నాయి. టిక్.

మార్చి 5, బుధవారం

అన్నయ్యవాళ్ళింట్లో భోజనం. నీ జాలీ ఊగుతోందే తల్లీ, నా నెత్తిన పడేట్టుంది అంది వదిన. పదిహేనేళ్ళుగా మా అన్నయ్యనే నెత్తిన మోస్తున్నావు, ఇదో లెక్కా అన్నాను. అన్నయ్యతో సహా అందరం నవ్వాం. మంగళవారం వచ్చి చూస్తానన్నాను. ఆఫీసులో ఎవరికీ చెప్పన్లే, చెబితే కంప్లయింట్ రిజిస్టర్‌లో నీ పేరెక్కుతుంది అంది. ఈ ఆఫీసు పని నాకు ఇప్పించిందే వదిన. అక్కడ నా మీద ఎవరైనా ఏదైనా అంటే వెనకేసుకొచ్చేదీ తనే.

మార్చి 10, సోమవారం

పడిపోయింది. వదిన మీద.

మార్చి 11, పొద్దున 6.30

హాస్పిటల్ వరండా. జాలీ పైమూల మెడకూ భుజానికీ మధ్య కొట్టిందట. మనీప్లాంట్ తొట్టి కూడా దొర్లి కుర్చీని పడేసిందట. అన్నయ్య గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు, కూర్చోమంటే కూర్చోడు.

నిన్న సాయంత్రం ఆఫీసుకెళ్ళి చూశాను. గ్రిల్‌కు తాడు ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి. వేళ్ళతో పట్టుకుంటే పొడైపోయాయి. మొక్కలకు జనపనారే ఎందుకు కడతామంటే, అది కొన్నాళ్ళకు కుళ్ళి తెగిపోతుంది. కాండం లావెక్కినా కోసుకుపోదు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ ముక్క నేర్పేది నేనే. అదే తాడుతో జాలీని కట్టాను. ప్రతి మంగళవారం ఆకులతోపాటు దాన్నీ తడిపాను. ఏడు వారాలు.

ముక్కలు తీసి బ్యాగులో వేసుకున్నాను. దొంగలా.

మార్చి 14

భుజం దగ్గర నరాలు తెగాయి అన్నాడు డాక్టరు. కుడిచెయ్యి ఇక లేవకపోవచ్చునట. వదిన చెయ్యి దుప్పటిమీద ఉంది. కదపమంటే కళ్ళతో దాన్నే చూసింది.

మార్చి 19

ఆఫీసువాళ్ళు హాస్పిటల్‌కే వచ్చి విచారణ చేశారు. జాలీ ఊగడం ముందే గమనించారా అని వదినను అడిగారు. నేను మంచం పక్కనే ఉన్నాను. లేదండీ, ఏమీ గమనించలేదు అంది.

వదిన సీటు అలాగే ఉంచుతామన్నారు. ఎడమచేత్తో ఫోన్లు చూసుకుంటే చాలునట. బ్రాకెట్లు బిగించలేదని రంగులాయనను పనిలోంచి తీసేశారట. మొక్కలావిడకు నిలబెట్టొద్దని చెప్పానని ఆయన మొత్తుకున్నాడట. ఎవరూ వినిపించుకోలేదు. నేనూ నోరు మెదపలేదు.

మార్చి 23

బస్టాపులో రంగులాయన ఎదురుపడ్డాడు. తిడతాడనుకుని తల దించుకున్నాను. ఆవిడకెలా ఉందమ్మా అని అడిగాడు, అంతే. తిట్టినా బాగుండేది.

మార్చి 24

రాసేశాను. మా సూపర్‌వైజర్‌కొకటి, వదిన ఆఫీసుకొకటి. రంగులాయన చెప్పిన మాట, కుళ్ళిన తాడు, బస్సులో టిక్కులు, ఏదీ దాచలేదు. ఐదో తారీఖునే మా వదిన చెప్పినా నవ్వి ఊరుకున్నానని కూడా రాశాను. తప్పు మొత్తం నాదేనని, నా ఒక్కదానిదేనని అందరికీ తెలియాలి. సంతకం చేస్తుంటే చెయ్యి తేలికగా ఆడింది. రెండు వారాల తర్వాత ఆకలి వేసింది. కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం

రంగులాయనను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. నన్ను తీసేశారు. అది నాకు తెలిసిందే.

వదినకూ కాగితం వచ్చింది. ప్రమాదం ఉందని తెలిసీ చెప్పలేదట. విచారణలో అబద్ధమాడిందట. సీటు ఉంచడం కుదరదట.

అన్నయ్య దాంతోపాటు వచ్చిన నా ఉత్తరం కాపీ ముందు పెట్టి, ఐదో తారీఖు సంగతి రాసిన ఆ ఒక్క లైను మీద వేలు పెట్టి, ఇది ఎవరడిగారని రాశావు అన్నాడు. ఎవరూ అడగలేదు. నా పాపం ఇంకొంచెం పెద్దదిగా కనిపించాలని రాశాను. నా గొడవలో నేనుండి, అందులో వదిన ఉన్న సంగతే మరిచిపోయాను.

వదిన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను నోరు మూసుకున్నది ఎవరి కోసమనుకున్నావు, చెయ్యి ఎలాగూ పోయింది, ఉద్యోగమైనా ఉంటుందనుకున్నాను అంది. కోపంగా కూడా అనలేదు.

ఏప్రిల్ 13

వదిన ఎడమచేత్తో తినడం నేర్చుకుంటోంది. సగం కింద పడుతోంది. నేను ఏరుతున్నాను. ఇంకొంచెం పెట్టనా అంటే చాలండీ అంది.

నన్ను అండీ అంది.