ఉయ్యాల చీర ఘాటు

12-2-1985, మంగళవారం. గుంటూరు దగ్గర, వియ్యాలవారి ఇల్లు.

మనవడు నిద్రపోయాడు. తెల్లారేసరికి ఈ ఘనత దిష్టి ఖాతాలోకి పోతుంది కనుక ఇప్పుడే రాసిపెడుతున్నాను.

వచ్చిన దగ్గర నుంచి, ఉయ్యాలలో వేయగానే వాడు ఒళ్లు రుద్దుకుంటూ ఏడుస్తున్నాడు. ఈ రాత్రీ నిద్రపోకపోతే రేపు అందరం ఒంగోలు వెళ్లిపోదామని కోడలితో చెప్పాను. పుట్టింటికి వచ్చిన పిల్ల, ముఖం చిన్నబుచ్చుకుంది.

"దిష్టే వదినగారూ. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేద్దాం" అంది వియ్యపురాలు.

మిరపకాయల మాట వినగానే అనుమానం వచ్చి, ఉయ్యాలకు కట్టిన వాళ్ల పాత చీరను వాసన చూశాను. తుమ్ములు ఆగలేదు.

"దీంట్లో కాయలు మూటగట్టారా?"

"కట్టాంలెండి, ఉతికాంగా. మాకేం ఘాటు తెలియట్లేదే."

"మిరప కల్లాల్లో పెరిగిన ముక్కులు మీవి. వాడిది ఒంగోలు ముక్కండీ."

కోడలు నవ్వాపుకోలేక అటు తిరిగింది.

వాడి వీపు ఎర్రగా కందిపోయి ఉంది. ఒళ్లు కడిగి, నా నేత చీరతో ఉయ్యాల కట్టి ఊపాను. కాసేపటికే కళ్లు మూశాడు. ప్రయాణం మానుకున్నాం.

వీపు మీద ఎరుపు తగ్గిందో లేదో లాంతరు వెలుగులో తెలియడం లేదు...

1. పొద్దున్నే వీపు చూడాలి.
2. కల్లం నుంచి వచ్చినవాళ్లు చేతులు కడుక్కోకుండా వాణ్ణి ఎత్తుకోకూడదు.
3. వియ్యపురాలు దిష్టి తీస్తానంటే తీయనివ్వాలి, ఉప్పుతో మాత్రమే.