అంబులెన్సులిచ్చిన గవర్నరు

మే 19

మా గవర్నరు వేడ్ క్రాంప్టన్ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించాడు. రాష్ట్రంలో చేసి చూపించాను, దేశమంతా చేస్తాను అన్నాడు. చేసి చూపించినవాటిలో మొదటిది, ప్రతి కౌంటీకీ ఒక అంబులెన్సు. నిజమే, ఇచ్చాడు. తాళాలు అందిస్తూ ఫొటోలు దిగాడు. వాటిని నడిపేవాళ్ల జీతాలు మాత్రం ఎప్పుడూ వచ్చే ఏడాది బడ్జెట్‌లోనే ఉంటాయి.

ఆయన పాలన మీద వరుస కథనాలు రాయమన్నాడు ఎడిటర్. ఇన్నేళ్లుగా నేను రాస్తున్నది అదే. ఇప్పుడైతే జనం చదువుతారట.

మే 27

టిల్డన్ కౌంటీ వెళ్లాను. అక్కడ అంబులెన్సు చూసుకునే లూఆన్ డ్వోరాక్ స్కూలు బస్సు డ్రైవరు. ఈ పనికి జీతం లేదు. తోడు ఆమె మరిది ఒక్కడే. ఇద్దరూ ఎవరి పనిలో వాళ్లుంటే బండి షెడ్డులోనే. ఏప్రిల్‌లో ఒక రైతుకి గుండెనొప్పి వస్తే, పక్క కౌంటీ బండి వచ్చేసరికి ప్రాణం పోయింది.

రాస్తానన్నాను. ఆగవయ్యా రస్, అంది. ఈసారి బడ్జెట్‌లో మా జీతాలు పెట్టారు, సభలు రెండూ ఒప్పుకున్నాయి, ఆయన సంతకం ఒక్కటే మిగిలింది, ఇప్పుడు నువ్వు గెలికితే మా కొంప మునుగుతుంది, అంది.

కౌంటీ పేరు, ఆమె పేరు లేకుండా రాశాను.

జూన్ 3

నేను రాసింది: ప్రతి కౌంటీకీ అంబులెన్సు చేరింది, మనిషి చేరలేదు. క్రాంప్టన్ టీవీ ప్రకటనలో మొదటి సగమే వస్తోంది. కింద మా పత్రిక పేరు. ప్రెస్ సెక్రటరీ ట్రెంట్‌కి ఫోన్ చేశాను. ఒక్క అక్షరం మార్చలేదు సార్, స్క్రీన్ మీద చోటు చాలక అక్కడికి ఆపేశాం, అన్నాడు.

జూన్ 14, అయోవా

అధ్యక్ష అభ్యర్థుల వడపోత మొదలయ్యేది ఈ రాష్ట్రంలోనే. చర్చి హాలు, ప్యాన్‌కేకులు, గవర్నరు. ఆయన పక్కన లూఆన్! ప్రచారం బస్సులో తీసుకొచ్చారు. కాఫీ దగ్గర దొరికింది. పొగడమన్నారు, పొగుడుతాను, సంతకం పడాలి కదా, నా వైపు అలా చూడకు, అంది.

బాగానే పొగిడింది. బండి బాగుంది, సైరన్ బాగుంది అంది. ఈ అయోవా వాళ్లు ఎవరినీ ఊరికే వదలరు. ముందు వరసలో ఓ ముసలాయన లేచి, ఫోన్ చేస్తే ఎంతసేపట్లో వస్తుందమ్మా, అని అడిగాడు.

లూఆన్ మైకు దగ్గరికి లాక్కుంది. మా మరిదీ నేనూ ఖాళీగా ఉంటే వెంటనే వస్తుందండీ, లేకపోతే రాదు, తోలేవాళ్లు లేరు, ఈయన సంతకం పెడితే ఉంటారు, అందుకే ఇంతదూరం వచ్చాను, అంది.

హాలంతా చప్పట్లు. గవర్నరూ కొట్టాడు. చూశారా, మా రాష్ట్రంలో జనం ఎంత ధైర్యంగా మాట్లాడతారో, అన్నాడు. ట్రెంట్ చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

జూన్ 15

వార్త వెళ్లింది. పేర్లతో సహా.

జూన్ 30, సాయంత్రం

బడ్జెట్ మీద సంతకం అయింది. మొత్తం బిల్లు ఉంచి, నచ్చని పద్దు ఒక్కదాన్నే కొట్టేసే అధికారం మా గవర్నరుకుంది. అంబులెన్సు జీతాలు అన్ని కౌంటీలకీ ఉన్నాయి. టిల్డన్ పద్దు ఒక్కటే కొట్టేశాడు. కారణం పొదుపు.

కక్ష అని రాస్తే ఊరుకోం సార్, అన్నాడు ట్రెంట్. ఆ మాట నేనెందుకు రాస్తాను? కొట్టేసిన పద్దేదో రాశాను, ఆమె ఏ రోజు ఏం మాట్లాడిందో రాశాను. వార్త అచ్చుకి వెళ్లకముందే టీవీలో కొత్త ప్రకటన: దుబారా మీద కత్తి దూసిన క్రాంప్టన్.

జూలై 2

లూఆన్ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. అధ్యక్షుడికి కూడా ఇలా ఒక్కో పద్దు ఏరి కొట్టేసే అధికారం ఉంటుందా, అని అడిగింది. ఉండదు, బిల్లు ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలి, అన్నాను.

అయితే రాసుకో, మా కౌంటీ ఓట్లన్నీ ఆయనకే, ముందు ఇక్కణ్ణుంచి కదలనీ, అంది.