లింకు అవతల అమ్మ గొంతు

అన్నయ్యకి,

నువ్వు పంపిన ప్యాకేజీ అందింది. అమ్మ టైపు చేస్తే పైకి చదివే ప్రోగ్రాం ఈ కొత్త మెషీన్లోనూ నడుస్తోంది. ఇక్కడి సిస్టం వేరు కాబట్టి సగం ఫైళ్లు తిరగరాసేసరికి నా నడుం పడిపోయింది. ఆ గొప్పలు తర్వాత చెప్పుకుంటాను.

గొంతు మాత్రం అమ్మది కాదు. గొంతు ఆపరేషనుకి ముందు నువ్వు కూర్చోబెట్టి రికార్డు చేయించిన మాటల్లో ఒక్కటీ రాలేదు. ఆ ఫోల్డరు ఉండాల్సిన చోట సింబాలిక్ లింకు ఒకటే ఉంది. నీకు తెలియనిదా, "అసలు సరుకు ఫలానా డిస్కులో ఉంది, అక్కడికి పో" అని చెప్పే చీటీ. నువ్వు మూట కట్టినప్పుడు సరుకు అక్కడే ఉండిపోయి చీటీ ఒక్కటే వచ్చింది. కట్టాక విప్పి చూశానన్నావు, అమ్మ గొంతు వినిపించిందన్నావు. ఎక్కడ విప్పావు? ఆ పాత మెషీన్లోనే కదా! డిస్కు అక్కడే ఉంది కాబట్టి చీటీ పనిచేసింది.

ఆ డిస్కు తుడిచేయలేదు కదా? మొన్న ఫోన్లో ఈ అరువు గొంతు వినగానే నీ కూతురు "నువ్వు నానమ్మవి కాదు" అని పెట్టేసింది. అమ్మ నా వంక చూసింది. "నాలుగు రోజుల్లో నీ గొంతు వచ్చేస్తుందిలే" అని కోతలు కోశాను. నాకు భయంగా ఉంది. వెంటనే రాయి.

నీ పిచ్చుక

అన్నయ్యా,

నీ జవాబు చదివాను. డిస్కు తుడిచి ఎవరికో ఇచ్చేశావు, వాళ్లు దానిమీద ఇంకేదో నింపుకున్నారు. ఇక దాన్ని దేవుడు కూడా వెనక్కి తేలేడు. "అమ్మకి చెప్పకు, ఏదో దారి చూద్దాం" అన్నావు. ఏ దారి? ఉంటే నేను ఈపాటికి వెతికి ఉండేదాన్ని కాదా?

చెప్పేద్దామనే వెళ్లాను. గుమ్మంలోనే ఆగిపోయాను. అమ్మ నా మొహం చూసి కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"దొరకలేదు కదూ?" అంది మెషీను.

తలాడించాను.

"వాణ్ణేమీ అనకు, బెంగపెట్టుకుంటాడు. పాపకి ఇక ఫోన్ చెయ్యనులే. ఎవరో పరాయి మనిషి నేనే నానమ్మనంటే చంటిది జడుసుకోదూ?"

ఆ గొంతు ఈ మాటల్ని వార్తలు చదివినట్టు చదివింది. అమ్మ చివరిదాకా విని సౌండు తీసేసింది. మళ్లీ పెట్టబోతే నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపిస్తోంది. నాకు నోరుంది, చెప్పొచ్చు. అయినా నేనూ కాగితం మీదే రాసి ఇస్తున్నాను.

పిచ్చుక