తురాయికీ లిల్లీకీ భేదములు

ఏప్రిల్ 27, ఆదివారం

సెలవులిచ్చేశారు. ఏడో తరగతికి సమ్మర్ హోమ్‌వర్క్ ఇచ్చాను. మీ ఇంటి దగ్గరున్న ఒక పూలచెట్టుకూ ఒక చిన్న పూలమొక్కకూ భేదములు రాయుము, కనీసం ఎనిమిది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఆన్సర్ కీ తయారు చేయాల్సింది నేనేనని.

మాకు వెతుక్కునే పని లేదు. ఇంటి ముందు తురాయి, ఇంటి వెనక లిల్లీలు. లిల్లీ అంటే నేల సంపెంగే, మైపాడులో ఎవరూ ఆ పేరుతో పిలవరు.

తురాయి మా మామ, అంటే నా భర్త తండ్రి, నాటింది. పేరు ముత్యాలయ్య, డెబ్బై రెండేళ్ళు. ఇప్పటికీ చీకటుండగానే దుంగలు కట్టిన తెప్ప మీద ఒక్కడే వేటకు పోతాడు. లిల్లీలు నావి. పెళ్ళయి వచ్చిన ఏడాది స్నానాల నీళ్ళు పారే చోట నాలుగు దుంపలు పెడితే ఇప్పటికి రెండు పొడుగాటి వరసలయ్యాయి. మామ వాటిని పూలమొక్కలని ఒప్పుకోడు. ఏందిమే నీ ఉల్లిగడ్డలు, మోకాలెత్తు లేవు, ఆవొస్తే ఒక నోటికి చాలవు అంటాడు.

మే 4, ఆదివారం

తురాయి పూసింది! నాలుగు రోజుల కింద మామూలు చెట్టు. ఇవాళ ఆకన్నదే కనపడటం లేదు. కింద నిలబడితే నా చేతులు, చీపురు, బకెట్లో నీళ్ళు అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఏటా చూసేదే, అయినా ఊడ్చడం మానేసి అలాగే నిలబడ్డాను.

తర్వాత కీ రాసుకున్నాను. తురాయి ముప్పై అడుగులు, లిల్లీ రెండడుగులు. తురాయి ఏడాదికి ఒకసారి, లిల్లీ ఇంచుమించు ఏడాదంతా. తురాయికి వాసన లేదు. లిల్లీకి పొద్దుగూకినప్పుడు మొదలై తెల్లారేదాకా వాసనే. 'ఉపయోగములు' దగ్గర ఆగిపోయి మామను అడిగాను.

మామ లేచి సరిగ్గా కూర్చున్నాడు. సముద్రంలో నుంచి చూస్తే ఒడ్డంతా సరుగుడు తోపులేనట, ఆ చివర నుంచి ఈ చివరకు ఒకటే పచ్చగీత. ఆ గీతలో మన తురాయి ఒక్కటే గొడుగు మాదిరి కనపడతాదిమే, ఈ నెల్లో అయితే కుంకం బొట్టు పెట్టినట్టే ఉంటాది, దాన్ని చూసుకుంటా వస్తే నేరుగా మన వాకిట్లోకే, నీ ఉల్లిగడ్డలకు ఆ పని చేతనవునా అన్నాడు. చేతకాదని ఒప్పుకున్నాను. కీలో 'తురాయి: దారి చూపును. లిల్లీ: జడలోకి' అని రాశాను.

వలలు బాగుచేసుకుంటున్న ప్రసాద్ నవ్వాడు. నా భర్త పెంచలప్రసాద్‌కు ఇంజన్ బోటు. వేట నిషేధం కాబట్టి జూన్ పధ్నాలుగు దాకా బోట్లన్నీ ఒడ్డునే. మామ తెప్పకు ఇంజన్ లేదు, నిషేధమూ లేదు. ఈ రెండు నెలలూ ఇంట్లో సముద్రానికి పోయేది తనొక్కడే. ఆ గొప్ప చూడాలి!

మామ పడుకున్నాక ప్రసాద్ మెల్లగా చెప్పాడు. నాయనకు చూపు తగ్గినట్టుండాది, ఏదన్నా తేడా కనిపిస్తే చెప్పు ఉషా, ఆ రోజే తెప్ప దుంగలు విప్పేస్తా అని. పోయినేడు జ్వరమొచ్చి పది రోజులు సముద్రానికి పోకపోతేనే మామ అన్నం మానేశాడు. తెప్ప విప్పేస్తే మనిషి దక్కడు.

మే 9

తెల్లవారుజామున లిల్లీల వాసనకు మెలకువ వచ్చేసింది.

మే 13, మంగళవారం

ఏడింటికి కరెంటు వాళ్ళు వచ్చారు. గాలివానలు మొదలైతే కొమ్మలు తీగల మీద పడతాయని, వద్దు వద్దంటున్నా తురాయి తల మొత్తం కొట్టేశారు. మొండి మాను మిగిలింది. రోడ్డంతా ఎర్రటి కొమ్మల కుప్ప. ప్రసాద్ ఇంజన్ సామాను కోసం నెల్లూరు పోయి ఉన్నాడు.

ఎనిమిదిన్నరకు మామ తెప్ప కనిపించింది. ఎవరో చెప్పేలోపు నేనే మెల్లగా చెబుదామని ఒడ్డుకు పరుగెత్తాను. నేను నోరు తెరిచేలోపే మామ చెప్పాడు. ఈ పొద్దు తురాయి ఎంత ఎర్రంగా ఉండాదో తెలుసామే, దాన్నే చూసుకుంటా వచ్చేసినా అని.

కొమ్మలు కొట్టేసిన సంగతి చెప్పకుండా చేపల బుట్ట ఎత్తుకున్నాను.

ఇద్దరం నడిచి వచ్చాం. వాకిట్లో కొమ్మ కాలికి తగిలి మామ ఆగాడు. వంగి పూలు తడిమి చూశాడు. నా వైపు తిరిగాడు. లోపలికి పోయాడు.

మే 16

నా కళ్ళద్దాలు మార్చాలి, తోడు రమ్మని చెప్పి మామను నెల్లూరు తీసుకుపోయాను. డాక్టర్ గారు మామ కళ్ళే ఎక్కువసేపు చూశారు. గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది పోకుండా డ్రాప్స్ వేయాలి అన్నారు. చేతి దూరం దాటితే అంతా మసకేనట. ఈయన ఇల్లు దాటి ఒంటరిగా ఎక్కడికీ పోవట్లేదు కదా అని అడిగారు. మామ తల అడ్డంగా ఊపాడు. నేనూ ఊపాను.

బస్సులో అడిగాను, ఎన్నాళ్ళ నుంచి అని. మూడు పూతలు అయిపోయినాయిమే అన్నాడు. మూడేళ్ళుగా తురాయి పూత చూడలేదు! కుంకం బొట్టు అని ఏటా నాకు చెబుతున్నదంతా జ్ఞాపకం.

అబ్బయ్యకు చెప్పబాకమ్మే అన్నాడు. అబ్బయ్య అంటే ప్రసాద్. బస్సు దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.

మే 17

చెప్పాలి. చెప్పలేకపోతున్నాను.

అసలు రోజూ ఎలా తిరిగొస్తున్నాడు? గుడి మైకు విని వస్తున్నావా మామా అంటే, మైకు గాలికి ఎటు నుంచి వస్తాదో తెలీదు, పో అన్నాడు. అంతకు మించి చెప్పడు.

మే 18, ఆదివారం

పక్కింటి వనజాక్షక్క కూతురి పెళ్ళి రేపు పొద్దున. మండపానికి పూలు చాల్లేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సాయంత్రం విచ్చినవీ విచ్చబోయేవీ లిల్లీలన్నీ కోసి ఇచ్చేశాను. మూడు బకెట్లు! నా వరసల్లో ఇన్ని పూలున్నాయా అని నేనే ఆశ్చర్యపోయాను. పెళ్ళింట్లో అందరూ అడుగుతున్నారు ఎవరి తోటవని.

మే 19, ఉదయం 9

మామ ఇంకా రాలేదు.

10.30

రాలేదు. సముద్రం ప్రశాంతంగానే ఉంది. ప్రసాద్ ఇంకో ఇద్దరితో కలిసి నాటు పడవ తీశాడు. పోయే ముందు నన్ను అడిగాడు, నాయన బాగానే ఉండాడు గదా అని. బాగానే ఉన్నాడన్నాను. నా నాలుక తెగిపోను.

మధ్యాహ్నం 12.15

ఫోన్. దక్షిణంగా తోటపల్లి గూడూరు వైపు, రొయ్యల గుంటల వెనక ఒడ్డున ఉన్నాడట. గుంటల కాపలా ఆయన చూసి మంచినీళ్ళిచ్చాడట. బతికి ఉన్నాడు.

సాయంత్రం

వాటం, అదే నీటి ఉరవడి, లాగేసిందని ప్రసాద్‌కు చెప్పాడు మామ. ఇంకోసారి ఇట్టా అయితే దుంగలు విప్పేస్తానని ప్రసాద్ అందరి ముందూ అరిచాడు. అరుస్తూ ఏడ్చాడు.

నేను ఇంటి వెనక గిన్నెలు తోముతున్నాను. మామ వచ్చి లిల్లీల ముందు గొంతుకూర్చున్నాడు. ఒక్కో కాడా వేళ్ళతో తడుముతూ వరస చివరిదాకా పోయాడు. అన్నీ కోసేసినావా ఉషా అన్నాడు.

అంతే అన్నాడు. గిన్నె పక్కన పెట్టి దగ్గరికి పోయాను.

అప్పుడు చెప్పాడు. ఒడ్డు ఎటో అలే చెప్తాదట. ఆ ఒడ్డులో మన ఊరెక్కడన్నదే కష్టం. చెట్టు కనపడటం మానేసిన ఏడాది ఒక తెల్లారి, తెప్ప మీద ఏడుపొస్తా ఉంటే, నేల మీద నుంచి వచ్చే గాల్లో నీ ఉల్లిగడ్డల వాసన తగిలింది, అప్పటి నుంచి దాన్ని పట్టుకునే వస్తా ఉండా, ఎండెక్కి గాలి తిరగబడే లోపల వచ్చేయాల, ఈ పొద్దు ఎంతసేపు చూసినా రాలేదు అన్నాడు.

 మూడేళ్ళుగా ఒక మనిషి ప్రాణం నా స్నానాల నీళ్ళతో పెరిగింది. నాకు తెలియలేదు. దాన్ని బకెట్లలో పెట్టి పెళ్ళికి పంపాను.

మే 20

మామ సముద్రానికి పోలేదు. కాలు నొప్పి అంటున్నాడు.

మే 29

ఇవాళా పోలేదు. తెప్ప మానేసినట్టేనని ప్రసాద్ సంతోషంగా ఉన్నాడు. మామ సగం అన్నం వదిలేస్తున్నాడు. తెల్లారితే ఇంటి వెనక్కి పోయి మొగ్గలు తడిమి వస్తాడు. నేను రెండు పూటలా నీళ్ళు పోస్తున్నాను.

జూన్ 7, శనివారం

ఇరవై మూడు కాడలు విచ్చాయి. మామ సాయంత్రమే తెడ్డు తీసి తుడుచుకున్నాడు.

నేనూ వస్తానన్నాను. ఆడోళ్ళు తెప్ప ఎక్కరుమే అన్నాడు. మా వాళ్ళలో ఎవరూ ఎక్కలేదు, నిజమే. ఎక్కించుకోకపోతే ఇప్పుడే ప్రసాద్‌కు ఫోన్ చేస్తానన్నాను. ప్రసాద్ బోగోలులో వాళ్ళ అక్క దగ్గరున్నాడు, రేపు సాయంత్రం వస్తాడు. దారి నేను చెప్పను, నువ్వే ఇల్లు చేర్చాలి, చేర్చలేకపోతే ప్రసాద్‌కు అంతా చెప్పేస్తాను అన్నాను. మామ తెడ్డు ఇంకోసారి తుడిచి సరేనన్నాడు.

జూన్ 8, ఆదివారం

చీర ఇంకా తడిగానే ఉంది.

వెలుతురొచ్చాక తెప్ప మీద నుంచి వెనక్కి చూశాను. ఒడ్డంతా ఒకటే పచ్చగీత. రెండు కళ్ళూ బాగున్న నాకు మా ఊరేదో తెలియలేదు. భయమేసింది. మామ తెడ్డు ఆపి గాలికి ముఖం పెట్టాడు. నేనూ పీల్చాను. ఉప్పు, చేపలు, తడి తాడు. వచ్చిందిమే అన్నాడు. తెప్ప తిప్పాడు. ఇసుక తగిలేసరికి ఎదురుగా మా గోడ.

నాకు ఇంటి వెనక్కి పోయి మొక్కల మీదికి వంగితేగానీ వాసన తెలియలేదు.

సాయంత్రం ప్రసాద్ వస్తాడు. నోటితో ఏమీ చెప్పను. రేపు తననీ మామతో తెప్ప ఎక్కిస్తాను.