మీ అమ్మ మన పాట విన్నది

డానీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున కోలారు బంగారు గనుల దగ్గర, చాంపియన్ రీఫ్స్‌లో మీ ఇంటికి వెళ్లాను. అరుపులతో పాడే మన బ్లాక్ మెటల్ బ్యాండ్ నడిచిన ఏడు నెలలూ, దెయ్యాలను పిలుస్తున్నామని మీ అమ్మ మన పాటలు విననేలేదు. ఈరోజు ఆమే అడిగింది. "వాడు వాయించింది ఒకసారి పెట్టప్పా."

ఆత్మలను పిలిచే పాట పెట్టాను. కిటికీలోంచి మంచు లోపలికొస్తోంది. నా అరుపులకు ఆమె కళ్లు మూసుకుంది. అరుపులు ఆగి, నీ కీబోర్డు ఒక్కటే చర్చి ఆర్గన్‌లా సాగేచోట కళ్లు తెరిచింది.

"వాళ్ల నాయన షిఫ్టుకు పోతా పాడుకునే పాట ఇది. ఆయన గనిలో చనిపోయినప్పుడు వీనికి మూడేండ్లు. ఎట్ల గుర్తు పెట్టుకున్నాడప్పా?"

ఆ రాగం నువ్వే కట్టావనుకున్నాను.

ఇంకోసారి పెట్టమంది. ఈసారి నీతోపాటు సన్నగా పాడింది. నీ కీబోర్డు ఆగిపోయాక కూడా ఆమె ఆపలేదు. ఆ పాట ఇంకా ఉంది, డానీ.