ఐదింటి బస్సు

కోదాడలోని అక్కకు,

ఫోన్‌లో చెప్పలేక ఈ ఉత్తరం కవరులో అంటించి మా కృప చేతికిచ్చి పంపుతున్నాను. కాలేజీ పోయినా పర్వాలేదు, నేను చెప్పేదాకా దాన్ని నీ దగ్గరే ఉంచుకో.

మా బడిలో ఇరవై ఏళ్లు అన్నం వండిన సాయమ్మ పోయిన నెల చనిపోయింది. దళితుల శవం పెద్ద బజారులోంచి పోకూడదని ఊరివాళ్లు పొలం గట్ల మీదుగా తిప్పి పంపారు. అది తప్పని ఊరి వాట్సాప్ గ్రూపులో రాశాను. తిట్టినవాళ్లకు కూడా ఓపికగా జవాబిచ్చాను. "టీచరమ్మవు, పిల్లలకు సదువు సెప్పుకో. ఊరి ముచ్చట నీకెందుకు?" అన్నారు.

సోమవారం నుంచి ఎవరూ ఏమీ అనడం లేదు. పాలాయన మా గేటు ముందు ఆగకుండా వెళ్లిపోతున్నాడు. నిన్న ఇద్దరు బడికి వచ్చి మర్యాదగానే మాట్లాడారు.

"మేడమ్, మీ పాప మిర్యాలగూడ నుంచి ఏ బస్సుకు వస్తది?"

ఎందుకని అడిగాను.

"ఐదింటి బస్సే కదా" అని వాళ్లే నవ్వారు.

"రాసింది తీసెయ్యి, ఇగ ఖతం చేద్దాం" అని మీ మరిది బతిమాలుతున్నారు. నాకు చేతులు రాలేదు. ఆ ఇద్దరి సంగతి కృపకు తెలియదు, నువ్వూ చెప్పకు.

దాన్ని నీ దగ్గరికి పంపేశాక, ఈ సాయంత్రం ఐదింటికి నేనే బస్సు స్టేజీ దగ్గరికి వెళ్తాను. కృపకోసం అక్కడ ఎవరెవరు నిలబడి ఉంటారో నా కళ్లతో చూడాలి.

నీ చెల్లెలు