మధ్యాహ్నపు కునుకు

జులై 8
ఈరోజు కూడా నిద్రపోయాను. లెక్కల సార్ బోర్డు మీద త్రికోణం గీస్తున్నారు. రెండో గీత చూశాను, మూడోది చూడలేదు. లేచేసరికి నా అక్షరాలు పేజీ దాటి బల్ల మీదకు పాకాయి. సార్ తిట్టలేదు. ఇంట్లో మంచం లేదా అని అడిగారంతే. క్లాసంతా నవ్వింది. తిట్టినా బాగుండేది.

జులై 9
తిండి ఎక్కువైతే నిద్రొస్తుందని బొంగరం చెప్పింది. నా పక్క బెంచీ పిల్ల. ఒక్కచోట కుదురుగా కూర్చోదు, అందుకే ఆ పేరు. లంచ్ సగం వదిలేశాను. ఆకలితో నిద్రపోయాను.

జులై 12
నిద్ర ఆపుకోవడానికి చేయి గిల్లుకుంటున్నాను. అమ్మ ఆ మచ్చలు చూసి ఎవరు కొట్టారని నిలదీసింది. సంగతి చెప్పాక తప్పంతా ఫోన్‌దే అని తేల్చి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. నాన్న నా చేయి పట్టుకుని ఆ మచ్చలు చూశాడు. ఆయన మా స్కూలు బస్సు డ్రైవర్. మా ఇంట్లో నవ్వని మనిషి ఆయనొక్కడే. పెళ్లి ఫొటోలో కూడా గోడలా నిలబడ్డాడు.

జులై 17
ఫోన్ లేదు. పెందలాడే పడుకుంటున్నాను. అయినా సోషల్ క్లాసులో మళ్లీ అంతే.

జులై 19
బొంగరం ప్రిన్సిపాల్‌లా నడిచి చూపించింది. పొట్ట పట్టుకుని నవ్వాను. ఉన్నట్టుండి మోకాళ్లలో సత్తువ పోయి మెట్ల మీద కూలబడ్డాను. అందరి మాటలూ వినిపిస్తున్నాయి, నోరు మాత్రం పెగల్లేదు. నిమిషంలో మామూలైపోయాను. నవ్వితే పడిపోవడమేంటి? ఎవరికి చెప్పినా నమ్మరు. అమ్మకు చెప్పాను. నమ్మింది.

జులై 23
ఇది బద్ధకం కాదని డాక్టరమ్మ చెప్పింది. జబ్బట. దానికో పేరు కూడా ఉంది. మెలకువగా ఉంచే పని మెదడు సరిగ్గా చేయడం లేదట. టెస్టులు చేయించమని చీటీ రాసింది. రోజూ మధ్యాహ్నం కాసేపు పడుకోమంది, స్కూలుకు తను చెప్తానంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను.
తర్వాత, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. అమ్మ వెంటనే లేదంది. నాన్న కూడా లేదన్నాడు. కానీ చాలా ఆలస్యంగా.

జులై 24, సాయంత్రం 6
డాబా మీద బట్టలు తీస్తుంటే నాన్న వచ్చాడు. "నాకూ ఉందమ్మా" అన్నాడు. నా వయసప్పుడే మొదలైందట. నవ్వొస్తే కాళ్లు తేలిపోతాయట. అందుకే నవ్వడం మానేశాడట. కోపిష్టి మనిషని మేమంతా ఎంతలా ఆడిపోసుకున్నామో.
అప్పుడు నాకు బస్సు గుర్తొచ్చింది. నడుపుతూ ఎప్పుడైనా నిద్రపోయావా అని అడిగాను. తీగ మీది క్లిప్పులన్నీ ఒక్కొక్కటే తీశాడు. ఒకసారి, అన్నాడు. పోయినేడు, సాయంత్రం ట్రిప్పులో. కళ్లు తెరిచేసరికి బస్సు రోడ్డుకు అవతలి వైపు ఉంది, ఎదురుగా లారీ. ఎలా తిప్పాడో ఆయనకే తెలియదు. పిల్లలు పాటలు పాడుకుంటున్నారు, ఎవరూ గమనించలేదు.
"నువ్వూ అందులోనే ఉన్నావు. వెనక సీట్లో నిద్రపోతున్నావు."
బట్టలన్నీ అక్కడే వదిలేసి కిందకొచ్చేశాను.

జులై 25
బస్సెక్కలేదు. నడిచి వెళ్లాను. బస్సు నా పక్క నుంచే వెళ్లింది, నిండా పిల్లలతో. వెనకాలే పరుగెత్తాను. ఎందుకో తెలియదు.

జులై 25, రాత్రి భోజనాలయ్యాక
స్కూల్లో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని నాన్నను అడిగాను. ఆయనతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. సంగతంతా విని అమ్మ గోడ పట్టుకుంది. ఉద్యోగం పోతే ఎలా బతుకుతాం అని ఒకసారి, ఆ పిల్లలకేమైనా అయ్యుంటే అని ఒకసారి అంది. నాన్న కంచం ముందు నుంచి లేవలేదు.

జులై 26
పొద్దున్నే వెళ్లి తాళాలిచ్చేశాడు. కారణం కూడా చెప్పాడు.

జులై 30
ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ మా గుమ్మంలోకొచ్చి నాన్నను నోటికొచ్చినట్టు తిట్టింది. నాన్న తలొంచుకుని మొత్తం విన్నాడు. నేను అడ్డం వెళ్దామనుకున్నాను. ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ దొరకలేదు.

ఆగస్టు 9, శనివారం
ఒంటిపూట బడి. నాన్నా నేనూ హాల్లో పక్కపక్కనే పడుకున్నాం. కునుకు పడుతుండగా వీధిలో స్కూలు బస్సు హారన్ మోగింది. ఇద్దరం ఒకేసారి లేచి కూర్చున్నాం.
అది వెళ్లిపోయింది, పడుకోండి అంది అమ్మ.